నీటి మీద మనిషి ఉండగా అనకూడని మాట

నాకు నోరెక్కువ. ఈ మాట సిగ్గుపడుతూ రాయడం లేదు. గజపతినగరం సంతలో ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళం పదిమందిమి వరసగా కూర్చుంటాం. నెత్తళ్ళు అందరివీ ఒకటే, ఎండు రొయ్యలూ ఒకటే. అయినా కొనేవాళ్ళు ఎనిమిది బుట్టలు దాటుకుని నా దగ్గరికొస్తారు. "నూకరత్నం నోరు పెడితే వేపకాయలు కూడా అమ్ముడుపోతాయి" అని మా అత్త అంటుంది. అలాంటిదాన్ని, ఒక్క మాట నోట్లోంచి రాక నాలుగైదు నెలలు సంత మానుకుని ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు బాగున్నాను. పదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి నా కథ నేనే రాసుకుంటున్నాను. ఎక్కడో ఒకావిడ గుండె చేత్తో పట్టుకుని "గ్యాసేమోలే" అనుకుంటూ కూర్చుని ఉంటుంది. ముఖ్యంగా ఆవిడ కోసం.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది విజయనగరం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన రాములు ఏటా శ్రావణంలో గుజరాత్ పోతాడు. అక్కడి రేవులో బోటెక్కితే ఒక్కో వేట ఇరవై రోజులు. రేవుకి తిరిగొచ్చినప్పుడే ఫోను. మళ్ళీ జ్యేష్ఠంలో, అక్కడ వేట ఆపేశాక ఇల్లు చేరతాడు. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనే మనుషులమే కదా మనమందరం. మా వీధిలో ఆ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ. మగమనిషి నీటి మీద ఉండగా ఇంట్లో ఎవరూ చెడ్డమాట అనకూడదు. "రాడేమో" అనకూడదు. "ఎప్పుడొస్తాడో" అని కూడా అనకూడదు. "వస్తాడు", అంతే. నేను కోడలిగా వచ్చిన మూడో రోజునే మా అత్త పోలమ్మ నాకు నేర్పిన పాఠం ఇది.

కిందటేడు కాదు, అంతకు ముందేటి కార్తీకంలో అటువైపు తుఫాను కొట్టింది. మిగతా బోట్లు రేవు చేరాయి. మా ఆయన ఉన్న బోటు చేరలేదు. ఇంజను ఆగిపోయి గాలి ఎటు కొడితే అటు కొట్టుకుపోయిందని తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసింది ఒకటే, ఫోను కలవడం లేదు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, పదకొండు రోజులు.

ఆ పదకొండు రోజులూ నా కంట్లోంచి చుక్క రాలేదు. అత్త చూపుతోనే నన్ను కాపలా కాసింది. ఎవరైనా "ఏటైనా తెలిసినాదేటి" అని అడిగితే "వస్తాడు" అన్నాను. వండాను, తిన్నాను, రెండు సంతలు చేశాను. "ఏటి నూకరత్నం, ఈ వారం గొంతు మరీ లేస్తన్నాది" అంది పక్క బుట్ట ఆవిడ. పన్నెండో రోజు పొద్దున ఫోను మోగింది. "ఒసే, నానే" అన్నాడు. "బతికుంటే బతికున్నానని బేగి సెప్పొచ్చు గదేటి మావా!" అని నాలుగు తిట్లు తిట్టి, ఫోను అత్త చేతిలో పెట్టి, ఒడ్డున ఆరేసిన చేపలు తిరగెయ్యడానికి పోయాను. వీధంతా నవ్వారు. గండం గడిచిందనుకున్నాం. నా గండం అప్పుడే మొదలైందని నాకూ తెలియదు.

రెండు వారాల తర్వాత, సంతకి పోయే బస్సులో మొదటిసారి వచ్చింది. గుండె దడదడలాడింది. చేతులు చల్లబడిపోయాయి. గాలి బోలెడంత ఉంది, నాకు మాత్రం అందడం లేదు. కండక్టరు నా ఆయాసం బుట్ట వాసనకి అనుకుని విసుక్కుంటూ కిటికీ తీశాడు. చచ్చిపోతున్నానని నిశ్చయంగా అనుకున్నాను. పావుగంటలో తగ్గిపోయింది. తర్వాత సంతలోనే వచ్చింది. తర్వాత ఒడ్డున. ఆ తర్వాత ఎక్కడా అని లేదు. పుష్యమాసం వచ్చేసరికి నేను గుమ్మం దాటడం మానేశాను. అరవై అయిదేళ్ళ మా అత్త నా బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి పోయేది, సగం సరుకు తిరిగి తెచ్చేది. పల్లెత్తు మాట అనేది కాదు, కానీ గిన్నెలు కింద పెట్టే చప్పుడు నాకు వినపడేది. ఆ చప్పుడుకంటే తిట్లే నయం.

ఆటో కట్టించుకుని డాక్టర్ల చుట్టూ తిరిగాం. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు రక్తం తక్కువ అన్నారు. గుండెకి తీగలు పెట్టి కాగితం తీశారు, బాగుందన్నారు. వీధిలో ఆడవాళ్ళు "మొగుడు గండం తప్పించుకుని బయటపడ్డాడు, దీనికేటి రోగం?" అన్నారు. అత్త అమ్మవారి దగ్గరకి తీసుకెళ్ళింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ తల్లి ముందు కూర్చున్నంతసేపూ చల్లగా ఉండింది. మూడో రోజుకి మళ్ళీ మొదటికొచ్చింది.

ఆఖరికి విజయనగరంలో గుండె డాక్టరు, "గుండెకేమీ లేదమ్మా, మనసు డాక్టరుకి చూపించుకో" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు పిచ్చా? నీకు పిచ్చా?" అని లేచాను. వరండాలో జనమంతా తిరిగి చూశారు. ఆయన నవ్వి, "ఇంత గట్టిగా అరిచావు, గుండె ఆగలేదు చూశావా" అన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీ కొంగున ముడేసుకున్నాను. మాఘంలో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా, ఒక్కదాన్నే ఆటో కట్టించుకుని వెళ్ళాను.

మనసు డాక్టరు గది ముందు బల్ల మీద ముఖం నిండా కొంగు కప్పుకుని కూర్చున్నాను. సంతలో నా దగ్గర కొనేవాళ్ళు ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి? పక్కన ఒక పెద్దావిడ తేగ ఒలుచుకుంటోంది. సగం విరిచి నా చేతిలో పెట్టింది. "ముసుగెందుకు తల్లీ? నిన్ను సూసినోళ్ళు కూడా ఇక్కడికే వచ్చినట్టు గదా" అంది. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. ఆవిడ పేరు కాంతమ్మ, పొందూరులో నూలు వడికే మనిషి. ఆవిడే లేకపోతే ఆ రోజు లేచి వెళ్ళిపోయేదాన్ని.

డాక్టరు కొన్నాళ్ళు వాడమని మాత్రలు రాసి, పక్క గదిలో పావని దగ్గరకి పంపారు. మాటలతో వైద్యం చేసే పిల్ల. కొత్తవలసలో కాపురం చేసుకుంటున్న నా కూతురికంటే రెండేళ్ళు పెద్దదేమో. మాటల వైద్యమట! మాటలమ్ముకుని బతికేదాన్ని, నాకు ఈ పిల్ల మాటలు నేర్పుతుందా అనుకున్నాను. తీరా చూస్తే ఆ పిల్ల మాట్లాడనే లేదు. "చెప్పండి రత్నమ్మగారూ" అని ఊరుకుంది. నేను మొదలుపెట్టాను. చేపల ధరలు, అత్త గిన్నెల చప్పుడు, కండక్టరు, వీధి ఆడవాళ్ళు. ముప్పావుగంట వాగాను. ఆ పిల్ల సలహా ఇవ్వలేదు, తప్పుపట్టలేదు, గడియారం చూడలేదు. నేనన్నదాన్ని ఒక్కోసారి తిరిగి నాకే అప్పజెప్పేది. "అత్తగారు తిట్టకపోవడమే మీకు ఎక్కువ కష్టంగా ఉంది" అంది ఒకసారి. నిజమే సుమా అనిపించింది. నాలుగు వారాలు అలా గడిచాయి. మనసు తేలికపడింది, కాస్త నిద్రపట్టింది. దీన్ని నేను వినే వైద్యం అని పిలుచుకున్నాను. ఊరికే వినడం కూడా పనేనని నాకు అప్పటిదాకా తెలియదు. సంతలో ఎవరూ వినరు, అందరూ అరుస్తారు.

కానీ గుండె దడ పోలేదు. బల్ల మీద కాంతమ్మగారిని అడిగితే ఆవిడది వేరే రకం అని తెలిసింది. ఆవిడ చిన్నప్పటి సంగతులు, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ సంగతులు చెప్తుందట. "యాభయ్యేళ్ళ కిందట తెగిన పోగు ఎక్కడుందో వెతుకుతన్నాం" అంది. అది తవ్వే వైద్యం. వెంటనే నేను లోపలికెళ్ళి, "ఆవిడకిచ్చిన రకం నాకెందుకు ఇవ్వలేదు? నాకూ అదే కావాల" అని దబాయించాను. పావని పడీపడీ నవ్వింది. "అందరికీ ఒకటే రకం సరిపోదండీ. ఆవిడ బరువు పాతది. మీకు ఇప్పుడు బస్సెక్కడమే ఆగిపోయింది. ముందు మిమ్మల్ని బస్సెక్కిద్దాం. అది సరిపోకపోతే ఇద్దరం కూర్చుని వేరే దారి చూద్దాం" అని చెప్పి ఒక నోటుపుస్తకం ఇచ్చింది.

ఇది మూడో రకం. సీబీటీ అంటారట. నేను పుస్తకం వైద్యం అన్నాను. పేజీకి నాలుగు గడులు. ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నాను, అది నిజమనడానికి రుజువేమిటి, కాదనడానికి రుజువేమిటి. "గుండె ఆగిపోతుందనుకున్నాను" అని రాస్తే, ఎదురుగా "ఇన్నిసార్లు వచ్చింది, ఒక్కసారీ ఆగలేదు, కాగితం బాగుంది" అని నేనే రాసుకోవాలి. దాంతోపాటు మెట్లు. మొదటి మెట్టు బస్టాండు దాకా నడవడం. రెండోది బస్సెక్కి ఒక్క ఊరు పోవడం. తర్వాత ఖాళీ చేతులతో సంతకి. ఆఖరుకి బుట్టతో. దడ వస్తే దిగిపోకుండా, అది తగ్గేదాకా కూర్చోవాలి. చెప్పినంత తేలిక కాదు. రెండో మెట్టు మీద మూడుసార్లు ఏడ్చాను. ఫాల్గుణం పోయి చైత్రం వచ్చింది. వైశాఖంలో బుట్టతో సంతలో కూర్చున్నాను. నా వరసలో నా చోటు ఎవరూ ఆక్రమించలేదు, రెండు ఇటుకలు పెట్టి ఉంచారు. నన్ను ఎగతాళి చేసిన ఆడవాళ్ళే పెట్టారు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒప్పుకోవాలి. మెట్లన్నీ నిజంగానే ఎక్కాను, కానీ రెండో గడిలో మొదటి రోజు నుంచీ అబద్ధం రాశాను. నా భయం నా గుండె గురించి కాదు. అది నాకు తెలుసు. ఆ అసలు మాట రాస్తే అన్నట్టే, అంటే జరిగినట్టే. మనిషి నీటి మీద ఉన్నాడు.

పావని పట్టేసింది. నేను ఆ గదిలో ఉండగా నా ఫోను మోగింది. ఎవరో నెత్తళ్ళు కావాలని. మాట్లాడి పెట్టేశాను. "రత్నమ్మగారూ, బస్సెక్కారు, సంత చేశారు. మరి ఫోను మోగితే చెయ్యెందుకు అలా వణికింది?" అంది. నా పుస్తకం తెరిచి రెండో గడి మీద వేలు పెట్టింది. "ఈ గడిలో ఉన్నది అసలు మాటేనా?" అంది.

"కాదమ్మా" అన్నాను. "కానీ ఇప్పుడు అనలేను. మా ఆయన నీటి మీద ఉన్నాడు."

చదువుకున్న పిల్ల, మూఢనమ్మకం అంటుందనుకున్నాను. అంటే లేచిపోదామని సంచి కూడా చేతిలోకి తీసుకున్నాను. ఆ పిల్ల పుస్తకం మూసి, "ఎప్పుడు అనొచ్చు?" అని అడిగింది.

"ఒడ్డున ఉన్నప్పుడు."

"ఎప్పుడొస్తారు?"

"జ్యేష్ఠంలో."

"అయితే జ్యేష్ఠంలోనే చెప్పండి. అంతదాకా మెట్లు మానొద్దు" అంది. నా నమ్మకాన్ని తీసిపారెయ్యకుండా, దాని తిథి కనుక్కుని దానికి తగ్గట్టు వైద్యం చేసింది. ఆ రోజు నుంచీ ఆ పిల్ల మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

జ్యేష్ఠంలో మా ఆయన ఇల్లు చేరిన రెండో రోజున ముగ్గురం విజయనగరం వెళ్ళాం. అత్త తనంతట తానే బయల్దేరింది. "అంత దూరం పోయి ఏటి సెప్పుకుంటన్నావో నానూ ఇంతాను" అంది. ఇంటివాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం కూడా ఒక రకం వైద్యమేనట. మేం నాలుగు కుర్చీల్లో కూర్చున్నాం. నేను మా ఆయన కాళ్ళ వైపు చూశాను. కాళ్ళు నేల మీద ఉన్నాయి. అప్పుడు అన్నాను.

"మావా, ఆ పదకొండు రోజులూ నువ్వు రావనే అనుకున్నాను. రెండో రోజుకే అనుకున్నాను. వస్తాడు, వస్తాడు అని పైకి అంటా, లోపల నువ్వు పోయావనే కూర్చున్నాను. నువ్వు లేకుండా సంత ఎలా సెయ్యాలో, అత్తనెలా సూసుకోవాలో అంతా అనీసుకున్నాను. నీ సొక్కాలు ఎవులికివ్వాలో కూడా అనీసుకున్నాను. నువ్వు ఫోన్లో 'నానే' అంటే నాకు సంతోషం కన్నా ముందు సిగ్గేసినాది. నానిలా అనుకున్నందుకే ఈసారి నిజంగా పోతావేమోనని..."

అత్త కుర్చీ వెనక్కి నెట్టి లేచి బయటికి పోయింది. మా ఆయన తన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, "నానూ అదే అనుకున్నాను గదే" అన్నాడు. "రాననే అనుకున్నాను. బోట్లోకి నీళ్ళొచ్చీసేవి. తోడాల, మళ్ళీ తోడాల. నాను పోయినా నూకరత్నం బతికేస్తాది, అమ్మని సూసుకుంటాది, దానికి నోరున్నాది అనుకున్నాను. ఆ దైర్యంతోనే తోడినాను. నువ్వు నాను లేకుండా బతకలేవనుకుంటే అక్కడే సతికిలబడిపోదును."

నేను వెక్కివెక్కి ఏడ్చాను. పదకొండు రోజులవీ, ఆ తర్వాతవీ అన్నీ కలిపి ఏడ్చాను. మా ఆయన నా మోకాలు తట్టి, "అయినా నువ్వనుకుంటే నాను సచ్చిపోతానేటి? మరి నువ్వు తిట్టిన తిట్లకి ఇప్పటికి ఎన్నిసార్లు సచ్చుండాల?" అన్నాడు. పావని కళ్ళు తుడుచుకుంటూనే నవ్వి, "నాలుగో గడిలో ఇది రాసుకోండి, నేను ఇంతకంటే బాగా చెప్పలేను" అంది. రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

అత్త మాత్రం ఇంటికొచ్చి, "ఒడ్డున ఉన్నాడు గాబట్టి సరిపోనాది. మళ్ళీ ఆ మాట ఈ ఇంట్లో ఇనపడకూడదు" అంది. శ్రావణంలో మా ఆయన మళ్ళీ గుజరాత్ రైలెక్కాడు. నా పుస్తకంలో కొత్తగా ఒక్క మెట్టు చేరింది. మనిషి నీటి మీద ఉండగా ఆ భయం ఇంట్లో ఒకరితో పైకి చెప్పడం. "తొందరేం లేదు, మీకు కుదిరినప్పుడే" అంది పావని.

ఈ మధ్యలో డాక్టరు మాత్రలు తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపించారు. నాకు నేనుగా ఆపలేదు, మీరూ ఆపకండి. మా వీధిలో ఇద్దరిని నేనే వెంటబెట్టుకుని ఆ బల్ల మీద కూర్చోబెట్టాను. ముసుగు తియ్యమని నేనే చెప్పాను. ఒకావిడకి వినే వైద్యమే సరిపోయింది, నెల తిరక్కుండా నవ్వుతూ తిరుగుతోంది. ఇంకొకావిడ పుస్తకం పట్టుకుంది. ఏ రకం ఎవరికో ముందే చెప్పలేం, ఒకటి కుదరకపోతే తప్పు మీది కాదు. కానీ ఏ రకమైనా అసలు మాట దాస్తే పని చెయ్యదు. ఇది మాత్రం నేను గట్టిగా చెప్పగలను, సంతలో అరిచినంత గట్టిగా.

ఇక ఆ ఆఖరి మెట్టు. కిందటి కార్తీకంలో, ఒక సంత రోజు పొద్దున్న. తుఫాను లేదు, ఏమీ లేదు. బోటు రేవుకి రావాల్సిన రోజు దాటి మూడు రోజులైంది, అంతే. నేనూ అత్తా ఇసుక మీద ఆరిన నెత్తళ్ళు బుట్టలోకి ఎత్తుతున్నాం. గుండె మొదలుపెట్టింది. ఏడాది కిందటి ఆ బస్సులో దడే. చేతులు చల్లబడ్డాయి. పారిపోదామనిపించింది. పారిపోలేదు.

"అత్తా" అన్నాను. "నాకు బయమేస్తన్నాది. ఆయన రాడేమోనని బయమేస్తన్నాది."

అత్త ఒక్క అంగలో వచ్చి నా నోరు మూసింది. ఉప్పు, పొలుసు అంటిన చెయ్యి. గట్టిగా నొక్కింది. నేను ఆ చెయ్యి తియ్యలేదు, కళ్ళు కూడా దించలేదు. ఆ చెయ్యి మెల్లగా వదులైంది. నోటి మీంచి జారి నా చెంప మీదికొచ్చింది.

"నాకూనే" అంది. "మీ మావ నీటి మీదికి పోయిన ప్రెతిసారీ ఏసేది. నలబై ఏళ్ళు. ఎవులికి సెప్తాను?"

మా మామ వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా ప్రతిసారీ తిరిగొచ్చిన మనిషి. ముసలితనంలో ఇంట్లో మంచం మీద పోయాడు. అయినా ఈవిడ నలభై ఏళ్ళు ఈ మాట మింగి గిన్నెలు చప్పుడు చేసింది. నేను అత్తని ఇసుకలో కూర్చోబెట్టాను. పావని నాతో అన్నట్టే, "సెప్పు అత్తా" అని ఊరుకున్నాను. ఆవిడ చెప్పింది. సలహా ఇవ్వకుండా, అడ్డుపడకుండా విన్నాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకుని ఎప్పుడూ కూర్చోలేదు. అప్పటికి దడ ఎప్పుడు తగ్గిందో గమనించనే లేదు.

ఎప్పుడూ పోయే బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సులో ఇద్దరం పోయాం. కిటికీ పక్కన అత్తని కూర్చోబెట్టాను. సంతలో నా చోట కూర్చుని గొంతెత్తాను.

బోటు రేవు చేరిందని ఫోను సాయంత్రం వచ్చింది. నా బుట్ట మధ్యాహ్నానికే ఖాళీ అయింది.